ముప్పావు గీత

నాకు కూర్చోవడం చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. బస్సులో సీటు దొరికినా రెండు స్టాపుల ముందే లేచి తలుపు దగ్గర నిలబడతాను. అన్నం తింటూ తింటూ లేచి వెళ్లి గేటు వేసుందో లేదో చూసి వస్తాను. మా ఆయన దీన్ని జబ్బంటారు, డాక్టరుకి చూపించుకోమంటారు. ఏం చూపించుకోను? నాకు పెట్రోలు బంకులో ఉద్యోగం కుదిరింది ఈ గుణం వల్లే అనుకుంటాను. చోడవరం నుంచి మాడుగుల పోయే రోడ్డు మీద ఉంది మా బంకు. అక్కడ ఎవరూ నిలవరు. బండి వస్తుంది, మూత తీస్తారు, పోస్తారు, వెళ్లిపోతుంది. పెట్రోలుది కూడా నా తీరే. మూత తీసి ఒక్క నిమిషం వదిలేస్తే చాలు, గాల్లోకి లేచి పోవడానికే చూస్తుంది.

నేను పోసేదాన్ని కాదు, కొలిచేదాన్ని. పొద్దున్నే అర లీటరు పెట్రోలు పొడవాటి గాజు జాడీలోకి పట్టి అందులో హైడ్రోమీటరు వదలాలి. అది అడుగున సీసపు గుళ్ల బరువుతో, పైన సన్నటి కాడతో నిటారుగా తేలే గాజు గొట్టం. కాడ మీద గీతకొక అంకె చొప్పున గీతలుంటాయి. పెట్రోలు మట్టం ఏ గీతను తాకితే అది దాని సాంద్రత. చిక్కటి ద్రవంలో కాడ పైకి తేలుతుంది, పల్చటి దానిలో మునుగుతుంది. పక్కనే థర్మామీటరు పెట్టి వేడి కూడా రాసుకోవాలి. ఎండకి పెట్రోలు ఉబ్బి పల్చబడుతుంది కాబట్టి, ఏ వేడిలో కొలిచినా పదిహేను డిగ్రీల దగ్గర ఎంతుండేదో పట్టికలో చూసి, ఆ సంఖ్యే రిజిస్టరులో వేయాలి. చోడవరంలో పదిహేను డిగ్రీలు ఎవరు చూశారు? ఆ చలి కావాలంటే పుష్యమాసంలో లంబసింగి పోవాలి. అయినా రూలు రూలే.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. ఎవరూ అడక్కపోయినా చెబుతాను, నాకు ఆ మాట చెప్పుకోవడం ఇష్టం. బంకుకి వచ్చేవాళ్లు పెట్రోలంటే పాలలాగా ఒకే సరుకు అనుకుంటారు. నిజానికి అది వందల రకాల హైడ్రోకార్బన్ల గుంపు. ఉన్నవి కార్బనూ హైడ్రోజనూ రెండే. ఆ రెండే గొలుసులుగా, కొమ్మలుగా, ఉంగరాలుగా అల్లుకుని ఇన్ని అవతారాలెత్తాయి. నేలలోంచి తోడిన ముడిచమురులో పొట్టి గొలుసులూ పొడుగు గొలుసులూ కలగాపులగంగా ఉంటాయి. దాన్ని కాచి పెద్ద గోపురంలోకి పంపితే పొట్టివి ఆవిరై పైకంటా పోతాయి, పొడుగువి కింద అంతస్తుల్లో ఆగుతాయి. నాలుగు కార్బన్ల వరకూ ఉన్నవి వంటగ్యాసు. అయిదు నుంచి పన్నెండు దాకా ఉన్నవి పెట్రోలు. ఆ కిందివి కిరసనాయిలు, డీజిలు. ఏ వేడికీ లేవకుండా అడుగున మిగిలేది తారు. షుగర్ ఫ్యాక్టరీలో పంచదార తీసేయగా చివరికి మడ్డి మిగిలినట్టే. మా బంకు ముందున్న రోడ్డూ, దాని మీద పోయే బండిలోని పెట్రోలూ ఒకే బానలో ఉడికిన తోబుట్టువులు. ఈ మాట చెబితే మా బంకులో వాళ్లు నన్ను అదోలా చూస్తారు. చూడనీ, నాకేం?

ఈ మధ్య పెట్రోలులో అయిదో వంతు ఇథనాలు కలుపుతున్నారు. అంటే చెరకు మడ్డి నుంచో ధాన్యం నుంచో తీసిన సారా. దాంతో నా పని పెరిగింది. ఇథనాలు నీటి చుక్క కనిపిస్తే చాలు, పెట్రోలును వదిలేసి దాంతో పోతుంది. రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి. అందుకని వాన పడిన ప్రతిసారీ నాకు దడ. ట్యాంకు మూతల చుట్టూ తిరుగుతూనే ఉంటాను. ఇంటికి వెళ్లి మళ్లీ ఫోను చేసి అడుగుతాను. వాళ్లు విసుక్కుంటారు.

హైడ్రోమీటరు పట్టుకోవడం నాకు కాలేజీలో వచ్చిన విద్య కాదు. మా నాన్న షుగర్ ఫ్యాక్టరీ ల్యాబులో చెరకు రసం పరీక్ష చేసేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, గానుగాట రోజుల్లో, అన్నం క్యారేజీ పట్టుకుని వెళితే నన్ను స్టూలు ఎక్కించి, రసం నింపిన జాడీ ముందు నిలబెట్టేవాడు. రసంలో తీపి ఎంతుందో తేల్చే గొట్టం అందులో తేలుతూ ఉండేది. కన్ను మట్టానికి తెచ్చి సూడమనేవాడు. నేను చెప్పిన సంఖ్య తన సంఖ్యతో సరిపోతే ల్యాబులో అందరికీ వినపడేలా, ఆడపిల్లని మా వైపు గుంటంటారు కదా, మా గుంట కన్ను సూసేరా అనేవాడు. ఆ మాట నా నెత్తిన కిరీటం. తర్వాత నలభై ఏళ్లలో నన్ను ఎవరు ఎన్ని అన్నా నా కన్నును మాత్రం అనలేకపోయారు.

బంకులో నా కొలత, లోడుతో వచ్చే చలానాలోని కొలత కన్నా ఎప్పుడూ కాస్త తక్కువే వచ్చేది. ప్రతి లోడుకీ అంతే. విశాఖపట్నంలో డిపో వాళ్లు పైపైన చూసి కొలుస్తారనీ, నేను కచ్చితంగా చూస్తాననీ నాలో నేనే మురిసిపోయేదాన్ని. తేడా మూడు దాటనంత వరకూ లోడు దింపుకోవచ్చు. మూడు దాటితే దింపకూడదు. మూడేళ్లలో ఒక్కసారీ దాటలేదు.

పోయిన వేసవిలో, రోహిణీ కార్తె ఎండల్లో, దాటింది.

పదకొండు గంటల వేళ ట్యాంకరు వచ్చింది. డ్రైవరు యాభై దాటిన మనిషి, కె.కోటపాడు దగ్గర పల్లె ఆయనది. నేను చేరినప్పటి నుంచీ మా లోడు ఎక్కువగా ఆయనే తెచ్చేవాడు. బండి ఆపగానే నిప్పురవ్వ పుట్టకుండా ఎర్తు తీగ తగిలించి, లోపల సరుకు కుదురుకునేదాకా నీడన నిలబడేవాడు. ఆదివారం లోడుంటే మాత్రం ప్రార్థన అయిపోయాక వస్తానని ముందే చెప్పేవాడు. అంతకుమించి ఆయన మాటలు నాకు గుర్తులేవు. ఆ రోజు ట్యాంకు మూత తీసి జాడీ నింపి, తనే తెచ్చి, ఎండ తగలకుండా లారీ నీడలో బల్ల మీద పెట్టాడు.

నేను హైడ్రోమీటరు వదిలాను. అది రెండుసార్లు ఊగి నిలబడింది. వంగి చూసి సంఖ్య రాసుకున్నాను. పట్టిక చూసి మార్చాను. చలానాతో పోల్చాను. మూడున్నర తక్కువ వచ్చింది.

భయమేసింది. అయితే అది భయం ఒక్కటే కాదు, అబద్ధమెందుకు, కొంచెం సంబరం కూడా. ఎన్నాళ్లుగానో కాపలా కాస్తున్న దొంగ దొరికినట్టనిపించింది. పెట్రోలులో కిరసనాయిలు కలిస్తే సంఖ్య పెరుగుతుంది. తగ్గిందంటే పెట్రోలు కన్నా తేలికైన సాల్వెంటు, అంటే ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకం ఏదో దారిలో కలిసి ఉండాలి. అటువంటి కల్తీ గురించి చదివాను గానీ కళ్లతో చూడలేదు. లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను. గీత మాత్రం మళ్లీ చూడలేదు.

తేడా ఉందనీ, లోడు దింపననీ చెప్పాను. ఆయనకి మొదట అర్థం కాలేదు. సీళ్లు చూపించాడు. నా ముందే తెంపిన మూత సీలు తప్ప మిగతావి ఎక్కడివక్కడే ఉన్నాయి. దారిలో ఎక్కడా ఆపలేదని, సబ్బవరంలో టీ కూడా తాగలేదని చెప్పాడు. నేను వినకుండా రిపోర్టు ఫారం తీశాను. అప్పుడు దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని మెల్లగా అడిగాడు.

"ఇంకొకపాలి సూడండి మేడమ్. ఒక్కపాలి."

"పదిసార్లు చూస్తే గీత జరిగిపోతాదేటి?" అన్నాను నేను.

గట్టిగానే అన్నాను. నా గొంతు మామూలుగానే పెద్దది, కోపం వస్తే రోడ్డు దాటి వినపడుతుంది. పెట్రోలు కోసం వరసలో ఉన్న ఆటోవాళ్లూ బైకులవాళ్లూ అందరూ ఇటు తిరిగారు. కల్తీ అని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాటా చాలింది. నేను మళ్లీ జాడీలోకి వంగితే నా మాట నేనే నమ్మనట్టు అవుతుందనిపించింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. వంగలేదు, రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి డిపో నుంచి మనుషులు వచ్చి నమూనాలు డబ్బాల్లో పట్టి సీలు వేసి ల్యాబుకి పంపారు. లారీ నిండుగా వచ్చిన దారినే తిరిగి వెళ్లింది. ఆయన బండి ఎక్కేటప్పుడు ఎలా ఉన్నాడో నేను చూడలేదు.

రెండు రోజులు నాకు పండగే. పెట్రోలు పోయించుకునే వాళ్లు నన్ను పలకరించి మరీ వెళ్లారు. చీడికాడ వైపు నుంచి వచ్చే ఒక మాస్టారు, ఇలాంటోళ్లు ఊరికొకలుంటే దేశం బాగుపడిపోతాదని అందరిలో అన్నారు. మూడో రోజు తెలిసింది, లారీల కాంట్రాక్టరు ఆ డ్రైవరుని అదే సాయంత్రం బండి దింపేశాడని. ల్యాబు రిపోర్టు రాకముందే. కల్తీ మచ్చ పడ్డ డ్రైవరుని ఉంచుకుంటే కాంట్రాక్టుకే ఎసరని అన్నాడట. కె.కోటపాడు ఆటోస్టాండులో అప్పటికే ఆయనకి పెట్రోలు దొంగ అని పేరు పెట్టేశారట. మా బంకు వరసలో నిలబడ్డ ఆటోవాడే ఆయన కంటే ముందు ఆ మాట మోసుకుపోయాడు.

తప్పు చేశాడు కాబట్టి అనుభవిస్తున్నాడు అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడున్నర అన్న సంఖ్య కంట్లో నలుసులా తిరుగుతూనే ఉంది. కల్తీ చేసేవాడు ఇంత కొంచెం కలుపుతాడా? కలిపితే తేడా పదో పదిహేనో ఉండాలి కదా. మర్నాడంతా బంకులో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పంపు దగ్గరికి, రిజిస్టరు దగ్గరికి, రోడ్డు మీదికి. తోటివాళ్లు నాకేమైందని అడిగితే కసిరాను.

అయిదో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ మా నాన్నకి మొత్తం చెప్పాను. ఆయనకి డెబ్బై ఆరేళ్లు, మాతోనే ఉంటాడు, చెవి కొంచెం మందం. నేను గొప్పగానే చెప్పాను, నీ కన్ను నాకు వచ్చింది అన్నట్టుగా. ఆయన మెచ్చుకోలేదు. గ్లాసు కింద పెట్టి ఒకటే అడిగాడు, మట్టం ఎక్కడ చూశావని. ఎక్కడేమిటి, నువ్వు చూపించినచోటే అన్నాను. ఆయన లేచి లోపలికి వెళ్లి, పాత ట్రంకుపెట్టె వెతికి, గుడ్డలో చుట్టిన తన రసం గొట్టం తెచ్చాడు. పొడవాటి సీసాలో మంచినీళ్లు పోసి దాన్ని వదిలాడు.

నీళ్లు గాజుకి అంటుకుని కాడ చుట్టూ కొంచెం పైకి పాకుతాయి. చిన్న గట్టులా ఉంటుంది. ఆ గట్టుకి పైఅంచు ఒకటి, కింద నీటి అసలు మట్టం ఒకటి. నన్ను వంగి రెండూ చూడమన్నాడు. చూశాను. రెంటికీ మధ్య గీతలో ముప్పావు వంతు తేడా ఉంది.

"రసం మురికిగుంటాది కదే. కింద మట్టం కానరాదు. అందుకే పైఅంచు సూసి తరవాత లెక్కలో సరిజేసుకుంటాం. తేట సరుకుకి కింద మట్టమే సూడాలి. నీకు నేను రసం ఒక్కటే సూపించేను గుంటా."

ఇంకోసారి వంగి చూశాను. డిగ్రీలో బ్యూరెట్టు గొట్టంలో కిందఅంచు చూడాలని చెప్పారు, చూశాను, మార్కులు తెచ్చుకున్నాను. హైడ్రోమీటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్టూలెక్కిన ఎనిమిదేళ్ల పిల్లనే. కాలేజీ చదువు ఒక గదిలో, నాన్న చదువు ఇంకో గదిలో పెట్టుకుని, రెంటికీ మధ్య తలుపు ఎన్నడూ తీయలేదు. మూడేళ్లుగా పెట్రోలును చెరకు రసంలా చూస్తున్నాను. రోజూ నా కొలతని నా కొలతతోనే పోల్చుకుంటే తప్పుకి తప్పు చెల్లిపోయేది, తెలిసేది కాదు. చలానా దగ్గర మాత్రమే బయటపడేది. దాన్ని నేను డిపో వాళ్ల అలసత్వం అనుకున్నాను.

కోపం పట్టలేక మా నాన్న మీద అరిచాను. ఈ ముక్క నలభై ఏళ్ల కిందట చెప్పాల్సింది కాదా అన్నాను. ఆయన పాపం, నిజమేనే అని తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది. ఆయన చేసిన తప్పేముంది? ఆయన రసానికి రసం విద్య నేర్పాడు. పెట్రోలు జాడీ ముందు నిలబడింది నేను.

కాఫీ అలాగే వదిలేసి స్కూటీ మీద బంకుకి పరుగెత్తాను. నేలలోని ట్యాంకు నుంచి పెట్రోలు తీసి జాడీలో పోశాను. పైఅంచు చూశాను, కింద మట్టం చూశాను. ముప్పావు గీత. మూడున్నరలోంచి ముప్పావు తీసేస్తే రెండు ముప్పావు. మూడుకి లోపలే. ఎండకీ, థర్మామీటరుకీ, చేతికీ వచ్చే మామూలు తేడా. ఆ లోడు దింపుకోవలసిన లోడు. జాడీ పట్టుకునే పంపు చుట్టూ తిరిగాను. డ్రైవరు అడిగింది ఒక్కసారి చూడమని. చూసి ఉంటే తప్పు అప్పుడే దొరికేదని చెప్పలేను, మళ్లీ పైఅంచే చూసేదాన్నేమో. కానీ ఆయన్ని చూడమందామన్న ఆలోచనైనా నాకు రాలేదు. పక్కన నిలబడ్డ మనిషిని, మీరూ వంగి చూడండి అని ఒక్క మాట అంటే ఏం పోయేది నాకు?

బంకు ఓనరుకి చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. తలుపు దగ్గరికి వేసి, కూర్చోమని, నేను కూర్చోకపోతే తను కూడా నిలబడి నెమ్మదిగా చెప్పాడు.

"సూడమ్మా, ల్యాబు రిపోర్టు ఎలాగూ బాగానే వస్తాది. ఆ డ్రైవరు తనే బయటపడతాడు. నువ్వు తప్పని రాసిచ్చేవంటే మూడేళ్ల రిజిస్టరు తప్పని రాసిచ్చినట్టే. అదంతా నీ చేతిరాతే."

మాట తప్పేమీ లేదు. ప్రతిరోజూ నా చేత్తో రాసిన సంఖ్యలే అవి, ఒక్కటీ సరైంది కాదు. బంకుకి నోటీసు రావచ్చు, నా ఉద్యోగం పోవచ్చు, అందులో పనిచేసే మిగతావాళ్లకీ ఇబ్బందే. నోరు మూసుకుంటే అందరూ క్షేమం. డ్రైవరు కూడా ఎలాగో బయటపడతాడు. ఎలాగో! ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట. ఆ మాట పట్టుకుని రెండు రోజులు ఉన్నాను. ఉన్నానంటే ఒకచోట ఉన్నానని కాదు. మార్కెట్టుకి పోయి కూర కొనకుండా వచ్చాను. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను. బంకులో ఎవరు కల్తీ అన్నా నా భుజాలే తడుముకున్నాను. నా వల్ల కాలేదు.

మూడో రోజు కూర్చుని, అవును కూర్చునే, పేజీన్నర ఉత్తరం రాశాను. ద్రవాలు గాజుకి ఎందుకు అంటుకుని పాకుతాయో, తేటగా ఉన్నవాటికి ఏ అంచు చూడాలో, నేను ఏ అంచు చూశానో, మూడేళ్ల రిజిస్టరులో ప్రతి సంఖ్యకీ ముప్పావు కలుపుకోవాలనీ వివరంగా రాశాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న సంగతి కూడా రాశాను. ఒక కాపీ డిపోకి, ఒకటి లారీల కాంట్రాక్టరుకి, ఒకటి ఓనరు బల్ల మీద. ఓనరు చదివి సొరుగులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి జాడీ, రిజిస్టరు ఇంకొకరికి ఇచ్చి నన్ను బిల్లు కౌంటరులో కుర్చీలో కూర్చోబెట్టాడు. నాకు అంతకు మించిన శిక్ష తెలియదు గానీ, ఉద్యోగం ఉంచాడు, అది చాలు. డిపో వాళ్లు వచ్చి కొత్త మనిషికి మట్టం ఎలా చూడాలో నేర్పి వెళ్లారు. నేను కుర్చీలోంచి చూశాను.

తర్వాత ల్యాబు రిపోర్టు వచ్చింది. పెట్రోలులో ఏ దోషమూ లేదు. నేను కాంట్రాక్టరుకి ఫోను చేశాను. ఆ లారీ వేరే వాళ్లకి ఇచ్చేశాం, ఖాళీ ఉన్నప్పుడు చూద్దాం అన్నాడు. నా ఉత్తరం అందిందా అంటే, అందింది, పెద్దగా ఉంది, ఎవరో చదివారు అన్నాడు. నేను ఫోనులో అరిచాను. ఆయన పెట్టేశాడు.

ఇక ఆగలేక ఆదివారం ఉత్తరం కాపీ సంచిలో పెట్టుకుని కె.కోటపాడు బస్సెక్కాను. పల్లెలో ట్యాంకరు డ్రైవరు ఇల్లు అడిగితే, పెట్రోలాయనా అని ఒకాయన నవ్వుతూ దారి చూపించాడు. ఆ నవ్వుకి ఒళ్లు మండింది, నేనేం అనగలను? ఆ నవ్వు నేను పంపిందే.

వాళ్లు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. ఆయన తెల్ల చొక్కా విప్పకుండా అరుగు మీద ఉన్నాడు. బంకు నుంచి వచ్చానని చెప్పగానే ఆయన భార్య నేనెవరో పోల్చుకుంది, మంచినీళ్లు తెచ్చి పెట్టి గుమ్మంలో నిలబడింది. ఆయన ఇప్పుడు ఎవరిదో ట్రాక్టరు తోలుతున్నాడట, దుక్కులున్న రోజు పని, లేని రోజు లేదు. నేను దారి పొడవునా తయారుచేసుకున్న మాటలన్నీ వదిలేశాను. తప్పు నాదే, క్షమించండి అని, ఉత్తరం చేతికిచ్చాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వరసకి వరస వేలు పెట్టుకుంటూ చదివాడు. పేజీ తిప్పాడు. సగం పేజీ అయ్యాక మళ్లీ మొదటికి వచ్చాడు. మొదట ఆయనకి కెమిస్ట్రీ అర్థం కాలేదేమో అనుకుని వివరించబోయాను. చేత్తోనే ఆగమన్నాడు. పై నుంచి కిందకి వేలు మళ్లీ నడిపించాడు. ఏదో వెతుకుతున్నాడు.

"ఆ రోజు రాసిన కాగితంలో నా పేరుంది మేడమ్," అన్నాడు. "మా తండ్రి పేరుంది, నా లైసెన్సు నెంబరుంది. దీంట్లో నేనెక్కడున్నాను?"

కాగితం తీసుకుని చూశాను. నేనున్నాను. మా నాన్న ఉన్నాడు. గాజు, గీత, పైఅంచు, కింద మట్టం, మూడేళ్ల రిజిస్టరు, నా మనస్సాక్షి, అన్నీ ఉన్నాయి. ఒకచోట సదరు లారీ అని ఉంది. మనిషి లేడు. పేజీన్నరలో ఒక్క చోట కూడా ఆయన నిర్దోషి అన్న ముక్క రాయలేదు. నా తప్పు నేను ఒప్పుకోవడంలో అంత మునిగిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సంచిలోంచి పెన్ను తీశాను. అరుగు మీదే కాగితం పరిచి, కింద ఖాళీలో రాస్తాను, రేపే మళ్లీ మూడు చోట్లా ఇస్తాను, కాంట్రాక్టరు ముందు నిలబడి చదివిస్తాను అన్నాను. రాయడానికి వంగాను. పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

నాకు ఆయన పేరు తెలియదు.

మూడేళ్లు డ్రైవరు గారూ అని పిలిచాను. ఆ రోజు రిపోర్టులో ఆయన లైసెన్సు చూసి దించాను, నెంబరు దించినట్టే పేరూ దించాను. ఒక్క అక్షరం కూడా గుర్తులేదు. ఊరంతటా ఆయన పేరు చెడగొట్టిన నేనే, ఆ పేరేమిటో ఆయన్నే అడగాలి. గుమ్మంలో ఆయన భార్య చూస్తోంది.

"మీ పేరు చెప్పండి బాబూ," అన్నాను చివరికి.

ఆయన నా వైపు చూశాడు. కోపం వస్తే బాగుండుననుకున్నాను, రాలేదు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఇంటిపేరుతో మొదలుపెట్టి, నేను రాసేదాకా ఆగుతూ, ఒక్కో అక్షరమే చెప్పాడు.